ప్రార్థన కొండ ఎక్కిన జూలియమ్మ



జవళగిరి, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో స్థిరపడిన మన బాప్టిస్టు కుటుంబములలో ఇంటి ప్రార్థనను నిలిపినది చాలా వరకు అవ్వలే. అట్టి అవ్వలందరికీ పెద్దవ్వ అనదగిన నెల్లూరు జూలియమ్మగారిని ఈ సంచికలో జ్ఞాపకము చేసుకొందాము.

అమెరికా నుండి శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగువారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరు చేరారు. ఏండ్లు గడిచినను విశ్వాసులు కొద్దిమందే. ఈ పని మానుకొందుమా అని 1853లో ఆల్బనీ పట్టణమున మిషను పెద్దలు తర్కించి, చివరకు సాగించుటకే తీర్మానించారు.

ఆ నెల్లూరు మిషను బడిలో చదివిన పిల్ల జూలియ. ఆడపిల్లకు అక్షరమెందుకని అడిగే దినములవి.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కినవారు ఐదుగురు: లైమన్ జూయెట్ దొరగారు, దొరసానిగారు, క్రిస్టియన్ నర్సు, రూతు, జూలియ. వారిలో ముగ్గురు స్త్రీలే. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని ఒకరి తరువాత ఒకరు ప్రార్థించి దిగి వచ్చారు.

జవాబు మరునాడే రాలేదు. పండ్రెండేండ్లు పట్టింది. జూలియమ్మ ఈలోగా కాపరి కనకయ్యగారికి భార్యయై సంఘ సేవలో నిలిచింది. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘము ఏర్పడింది. గొప్ప కరవు గడచిన పిమ్మట, 1878 జూలై 3న, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. చిన్ననాడు కొండపై అడిగినదానిని ఆమె పెద్దతనములో కన్నులార చూచింది.

నేడు మన ఇండ్లలో మరియొక కరవు కనబడుచున్నది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టముతో ఈ ప్రాంతపు బడులలో తమిళము తప్పనిసరి అయినది. అది నేర్వవలసినదే. అయితే ఇంట తెలుగు నేర్పువారు లేక, మన పిల్లలు పాటలను విని పాడుచున్నారే గాని పుస్తకము తెరచి చదువలేకున్నారు. అవ్వ చేతిలోని బైబిలు అవ్వతోనే మూతపడవలెనా?

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారముగా మేము చెప్పగలిగినది ఒక్కటే. రాత్రి ప్రార్థనలో ఒక వచనమును పిల్లచేత చదివించండి. తప్పు చదివితే కసరక, అవ్వ ప్రక్కన కూర్చుండి దిద్దవలెను. ఫలము వెంటనే కనబడకపోవచ్చును. జూలియమ్మ పండ్రెండేండ్లు కనిపెట్టినది. మనము పండ్రెండు నెలలైనను ఓర్చుకొందాము.

ప్రభువు మన ఇండ్లను దీవించును గాక. ఆమేన్.