కాలవ తవ్వించిన క్లౌ దొర

ఒంగోలు వైపు జాన్ ఎవరెట్ క్లౌ అంటే చర్చీల దొరగానే చెప్పుకుంటారు. సైట్లో పనిచేసే మనలాంటి వాళ్లకి ఆయనలో ఇంకో మనిషి కనపడతాడు. కాంట్రాక్టు తీసుకుని, వేలమంది కూలీలతో మట్టిపని చేయించిన మనిషి.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. కుర్రతనంలో మిన్నెసోటా వైపు ప్రభుత్వ సర్వే పార్టీలో పనిచేశారు. తర్వాత చదువుకుని, బాప్టిస్టు మిషనరీగా 1865లో భార్య హ్యారియట్‌తో నెల్లూరు వచ్చారు. ఆ మరుసటి ఏడు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలుపెట్టినప్పుడు ఉన్నది ఎనిమిది మందే. యర్రగుంట్ల పేరయ్యలాంటి వాళ్లు తిరగబట్టి మాదిగ పల్లెల్లో మాట పాకింది. మాదిగల్ని చేర్చుకుంటే పై కులాల వాళ్లు రామన్నారు. అయినా దొర వాళ్లని వదల్లేదు.

ఇంతలో 1876లో ధాత కరువు పడింది. తినడానికి గింజ లేక జనం ఊళ్లొదిలి రోడ్లెక్కారు. కరువు పనుల కింద సర్కారు బకింగ్‌హాం కాలవ తవ్విస్తుంటే, క్లౌ దొర అందులో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నారు. పాత సర్వే అనుభవం అక్కడ అక్కరకొచ్చింది. తన బోధకుల్నే మేస్త్రీలుగా నిలబెట్టారు. పొద్దున గునపం, పార, తట్ట. పని ఆగినప్పుడు ఆ మేస్త్రీలే పక్కన కూర్చుని కష్టసుఖాలు అడిగేవాళ్లు, దేవుడి మాట చెప్పేవాళ్లు. ఏ ఊరివాళ్లో ఏమో, అందరూ పక్కపక్క పాకల్లో ఉండేవాళ్లు. మన లేబర్ క్యాంపే అనుకోండి, ఏసీ ఒక్కటి తక్కువ.

అక్కడే చాలామంది బాప్తిస్మం అడిగారు. దొర ఇవ్వనన్నారు. ఒకరోజు రెండ్రోజులు కాదు, సుమారు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కూలి ఇచ్చేదీ, కరువు సాయం పంచేదీ తానే అయినప్పుడు, అడిగేవాడు దేవుడి కోసం అడుగుతున్నాడో అన్నం కోసమో ఎట్లా తెలుస్తుంది? మస్టర్లో పేరు రాసే చేతికి ఎంత బలముంటుందో మనకు తెలియంది కాదు. ఆ చెయ్యి ఏమడిగినా కింద వాళ్లు తలూపుతారు. మిషనరీకి మనుషులు చేరడమే లెక్క, ఆ లెక్కని చేతులారా ఆపుకోవడం చిన్న పని కాదు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కరువు తగ్గుముఖం పట్టాక, 1878లో జనం మళ్లీ వచ్చారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ఇచ్చారు. దొర ఒడ్డునే ఉండి ఏర్పాట్లు చూశారు.

అన్నం కోసమే చేరారని వెక్కిరించిన వాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అందరి మనసూ ఒకటేనని నేనూ అనను. మనసుని మట్టిపనిలాగా టేపు పెట్టి కొలవలేం. కానీ తర్వాత నెల్లూరు, ఒంగోలు వైపు నించి గిర్మిట్ కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్లినవాళ్లు తమకో పాస్టరు కావాలని ఇంటికి కబురు పెడితే, 1903లో ఇక్కడి తెలుగు సంఘాలే జాన్ రంగయ్య గారిని ఓడెక్కించి పంపాయి. అక్కడ కెయర్స్నీ టీ తోటలో పనిచేసే మనవాళ్ల మధ్య ఆ ఏడాది డిసెంబర్లోనే తెలుగు బాప్టిస్టు సంఘం పెట్టారు.

అప్పటికి క్లౌ దొర ముసలాయన. 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్లో కన్నుమూశారు.