షెవాలియే బుస్సీ

బందరు నందలి పరాసుపేటను మన విద్యార్థులలో ఎఱుగనివారుండరు. పరాసులనగా ఫ్రెంచివారు. 1750వ సంవత్సరమున బందరు వారి వశమయ్యెను; పిమ్మట దివిసీమయు వారికి దక్కెను. ఆ కాలమున దక్కనునందు వారి పేరు మ్రోగించినవాడు బుస్సీదొర.

ఈయన మార్క్విస్ బిరుదాంకితుడు. సెయింట్ లూయీ సంఘమున చేరిన యోధుడు. ఆ సంఘమువారికి గల బిరుదము షెవాలియే. ఫ్రెంచి భాషలో షెవాల్ అనగా గుఱ్ఱము. కావున షెవాలియే అనగా మన రౌతే. పూర్వము గుఱ్ఱమును, కవచమును సంపాదించుకొని రాజు పక్షమున పోరువానికి ఆ పేరు చెల్లెను. దుర్బలులను రక్షించుట అతని ధర్మమని క్రమముగా ఏర్పడెను. 1693లో పదునాలుగవ లూయీ రాజు ఈ సంఘమును స్థాపించి, ఉన్నతవంశమున పుట్టకున్నను చిరకాలము కొలిచిన కాథలిక్కు సేనాధికారులకు ఎఱ్ఱపట్టెడతో శిలువపతకము నొసగ నారంభించెను.

బుస్సీ 1750లో దుర్గమమగు చెంజికోటను పట్టుకొని కీర్తి గడించెను. మఱుసటి సంవత్సరము ముజఫర్ జంగు చంపబడగా, సలాబత్ జంగును దక్కను సింహాసనమున నిలిపెను. 1753లో వ్యాధిగ్రస్తుడై విశ్రాంతికై బందరు చేరెను. ఆయన లేని సమయమున సైనికులకు జీతములు ముట్టకపోయెను. ఆయన మరలిపోయి, సైన్యపోషణార్థము కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను సలాబత్ జంగు వలన పొందెను.

ఆ సర్కారులే ఆయనను బొబ్బిలికి కొనిపోయెను. విజయనగర ప్రభువగు విజయరామరాజునకు బొబ్బిలి వారితో వైరము. బుస్సీ ఆ రాజు పక్షము వహించి, 1757 జనవరి 24వ తేదీన ఫిరంగులతో కోటను ముట్టడించెను. మానరక్షణకై కోటలోని వీరులు తమ స్త్రీలను, బిడ్డలను తామే వధించి, పోరాడి నేలకొరిగిరి. రంగారావుగారి పసికుమారుని మాత్రము ఒక వృద్ధుడు కాపాడి ఫ్రెంచి శిబిరమునకు తెచ్చెను. బుస్సీ ఆ బాలునకు కావలి నియమించి, బొబ్బిలికి బదులుగా ఈయదలచిన సీమకు అతనినే ప్రభువుగా నిర్ణయించెను. కొలదిదినములలోనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారముననే సంహరించెను.

1758లో లాలీ సేనాని పిలుపుపై బుస్సీ దక్కనును విడిచి దక్షిణమునకు పోయెను. 1759 ఏప్రిల్ నెలలో ఆంగ్లేయ సేనాని ఫోర్డు ఒకరాత్రి బందరు కోటపైబడి దానిని గైకొనెను. 1760లో వందవాసి యుద్ధమున బుస్సీ బందీ అయ్యెను. వార్ధకమున, 1783లో, మరల సేనాపతియై వచ్చెను గాని పూర్వవైభవము చేకూరలేదు. 1785 జనవరిలో పుదుచ్చేరియందు మరణించెను.

1802లో నెపోలియను స్థాపించిన లీజియన్ ఆఫ్ ఆనర్ సంఘమున షెవాలియే నేటికిని మొదటి అంతస్తు. నేడు ఆ బిరుదమునకు గుఱ్ఱముతో పనిలేదు. బాలులారా! బుస్సీ గెలిచిన సర్కారులు ఆయన జీవితకాలముననే చేజారెను. బొబ్బిలి కోట పడగొట్టుటకు ఫిరంగులు చాలెను. అనాథయగు పగవాని బిడ్డకు నీడ నిచ్చుటకు మాత్రము షెవాలియే కావలసివచ్చెను. బుస్సీ చరిత్రమున ఈ రెండును గలవు. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట న్యాయము కాదు.