డిగ్రీ లేని ఇంజనీరు: రెక్స్ మెకాండ్లెస్

పోయిన సంక్రాంతి సెలవులకి తెనాలి వెళ్ళినప్పుడు మా బాబాయి షెడ్డులో ఒక పాత బీఎస్ఏ బండి విప్పేసి ఉంది. హైదరాబాద్‌లో ఎవరో ఆయన దాన్ని తన టేస్టుకి తగ్గట్టు మళ్ళీ కట్టించుకుంటున్నారు. ట్యాంకు, సీటు, హ్యాండిలు ఏం మార్చినా ఫరవాలేదు గానీ, వెనక ఫ్రేము మాత్రం పాతదే ఉండాలట. ఎందుకంటే అది ప్లంజర్ ఫ్రేము.

నాకు కోడింగ్ తప్ప బండ్ల గురించి ఏమీ తెలీదు. బాబాయే కూర్చోబెట్టి చూపించాడు. వెనక చక్రం ఇరుసుకి అటూ ఇటూ నిలువుగా ఒక్కో గొట్టం లాంటిది ఉంటుంది. అందులో పైనొక స్ప్రింగు, కిందొక స్ప్రింగు. గతుకు రాగానే ఇరుసు నిట్టనిలువుగా పైకీ కిందకీ జారుతుంది. అసలు స్ప్రింగే లేని రిజిడ్ ఫ్రేముతో పోలిస్తే నడుముకి చాలా హాయి. కానీ చక్రం కదిలేది కొంచెమే. పైగా రెండు వైపులా విడివిడిగా కదలగలవు కాబట్టి, బుష్షులు అరిగాయంటే మలుపులో చక్రం మెలి తిరుగుతుంది. చైను కూడా ఓసారి బిగుస్తుంది, ఓసారి వదులవుతుంది.

మరి దీన్ని ఎవరు వదిలించారు అని ఆ రాత్రి వెతుకుతుంటే ఒక పేరు దొరికింది. రెక్స్ మెకాండ్లెస్.

ఆయన 1915లో ఉత్తర ఐర్లాండ్‌లోని హిల్స్‌బరో ఊళ్ళో పుట్టాడు. ఇంజనీరింగ్ చదవలేదు. చేత్తో చేస్తూ, చెడగొడుతూ, మళ్ళీ చేస్తూ నేర్చుకున్నవాడు. తమ్ముడు క్రోమీ రేసర్. బెల్‌ఫాస్ట్‌లో ఆర్టీ బెల్ అనే స్నేహితుడు ఉండేవాడు, ఆయనా రేసరే. యుద్ధకాలంలో రెక్స్, ఆర్టీ కలిసి ప్రభుత్వ వాహనాలు రిపేరు చేసే పని పెట్టుకున్నారు.

రెక్స్ కూడా రేసుల్లో నడిపేవాడు. అప్పట్లో అందరూ ఇంజను పవర్ పెంచడం మీద పడితే, ఈయన బండి రోడ్డుని ఎందుకు వదిలేస్తోంది అన్నది పట్టుకున్నాడు. 1944లో బెనియల్ అనే సొంత బండి కట్టాడు. వెనక చక్రాన్ని స్వింగ్ ఆర్మ్ మీద పెట్టాడు. అంటే గేర్‌బాక్సు వెనక ఒక కీలు, దానికి తలుపులాగా కదిలే ఫోర్కు, ఆ ఫోర్కులో చక్రం. ఫోర్కు రెండు చేతులూ ఒకే ముక్క కాబట్టి చక్రం అంత సులువుగా మెలి తిరగదు. ఊపు ఆపడానికి సిట్రోయెన్ కారు హైడ్రాలిక్ షాక్ అబ్జార్బర్లు తెచ్చి బిగించాడు. స్వింగ్ ఆర్మ్ ఆలోచన అంతకు ముందూ ఉంది. దాన్ని సరిగ్గా పని చేయించడం ఈయన గొప్ప. తర్వాత రిజిడ్ ఫ్రేము బండ్లకి బిగించుకునే కిట్టు కూడా తయారు చేశాడు.

అదే టైంలో బర్మింగ్‌హామ్‌లో నార్టన్ కంపెనీకి పెద్ద తలనొప్పి. వాళ్ళ రేసు బండ్లది ప్లంజర్ ఫ్రేమే. చూడ్డానికి తోట గేటులా ఉంటుందని దానికి గార్డెన్ గేట్ అని పేరు పడింది. రేసుల్లో ఆ ఫ్రేములు విరిగేవి. విరిగిన చోట ఇనుము కలిపితే బరువు పెరుగుతుంది. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. నా ప్రోగ్రామ్‌లో ఎర్రర్ వస్తే నేనూ ఇంతే, అక్కడొక ఇఫ్ కండిషన్ అతికించి నడిచిందిలే అనుకుంటా.

రెక్స్ అతుకులు వేయలేదు. ఫ్రేము మొత్తం కొత్తగా ఆలోచించాడు. ఇటొకటి, అటొకటి పొడవైన ఉక్కు గొట్టాలు తీసుకుని, ఒక్కోదాన్నీ ఇంజను చుట్టూ వంచి, హ్యాండిలు దగ్గర ఒకదాన్నొకటి దాటించి వెల్డింగ్ చేయించాడు. వెనక స్వింగ్ ఆర్మ్. తేలిక, గట్టిదనం రెండూ వచ్చాయి. 1950 ఏప్రిల్‌లో బ్లాండ్‌ఫోర్డ్ రేసులో జెఫ్ డ్యూక్ దాన్ని మొదటిసారి నడిపి గెలిచాడు. నార్టన్ రైడర్ హెరాల్డ్ డానియెల్ దాని మీద కూర్చుంటే ఈకల పరుపు మీద ఉన్నట్టుందన్నాడట. అలా ఫెదర్‌బెడ్ అనే పేరు వచ్చింది.

ఆ జూన్‌లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ. ఒక్క ల్యాపే 60 కిలోమీటర్ల పైన. సీనియర్, జూనియర్ రెండు రేసుల్లోనూ మొదటి మూడు స్థానాలు నార్టన్‌వే. జూనియర్ గెలిచింది ఎవరో కాదు, ఆర్టీ బెల్. స్నేహితుడు కట్టిన ఫ్రేము మీద స్నేహితుడి గెలుపు! కానీ కొన్ని వారాలకే బెల్జియం రేసులో జరిగిన ప్రమాదంలో బెల్ బాగా దెబ్బలు తిన్నాడు. ఆయన రేసింగ్ జీవితం అక్కడితో అయిపోయింది. ఆ ఏడాది 500 సీసీ ప్రపంచ టైటిల్ డ్యూక్‌కి ఒక్క పాయింటులో పోయింది. 1951లో మాత్రం 350, 500 రెండూ ఆయనే కొట్టాడు.

తర్వాత రెక్స్ ఫోర్ వీల్ డ్రైవ్ రేసు కారు, ఆటోజైరో అనే చిన్న ఎగిరే యంత్రం లాంటి వాటి మీద పడ్డాడు. 1992లో చనిపోయాడు. ఆయన ఫ్రేములో ట్రయంఫ్ ఇంజను బిగించి చేసుకున్న ట్రైటన్ బండ్లని కస్టమ్ బైకుల వాళ్ళు ఇప్పటికీ ముద్దు చేస్తారు. మన రోడ్ల మీద బుల్లెట్ చూడండి, వెనక చక్రం స్వింగ్ ఆర్మ్ మీదే ఉంటుంది.

ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. మా బాబాయి పదో తరగతి వరకే చదివాడు. ఫస్టియర్‌లో ఎవరైనా అడిగితే ఆయనది ఆటోమొబైల్ బిజినెస్ అని చెప్పేవాణ్ణి. మెకానిక్ అనడానికి నోరు రాలేదు. రెక్స్ కథ చదివిన మర్నాడు పొద్దున్నే షెడ్డుకెళ్ళాను. ఆ బీఎస్ఏకి కావలసిన బుష్షులు మార్కెట్లో దొరక్క, బాబాయి కొలత తీసుకుని లేతు మీద స్వయంగా తిప్పించుకొస్తున్నాడు. డ్రాయింగ్ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. బిగిస్తే సరిగ్గా కూర్చుంది.

మా బాబాయి మెకానిక్. ఈసారి ఎవరైనా అడిగితే ఇదే చెప్తాను.