విలియం రాక్స్‌బర్గు: నివ్వరిని గ్రంథమున కెక్కించిన వైద్యుడు

చెరువుల అంచులను, పల్లపు మడుగులలోను, వానకారున తనంత తానే మొలచు వరి యొకటి కలదు. దాని గింజకు పొడుగైన ముల్లుండును. పండిన గింజ కొడవలికి అందక నీటిలో రాలిపోవును. రైతు దానిని కలుపుగా నెంచి పెరికి పారవైచును. దానినే తెలుగువారు నివ్వరి యందురు. సంస్కృతమున నీవారమని పేరు. ఋషుల యాహారముగా పురాణములలో వినబడు ఈ ధాన్యమును ఆధునిక వృక్షశాస్త్ర గ్రంథమున కెక్కించినవాడు స్కాట్లండు దేశీయుడైన విలియం రాక్స్‌బర్గు.

ఆయన 1751లో జన్మించెను. ఎడింబరో నగరమున జాన్ హోప్ అను ఆచార్యునియొద్ద వృక్షశాస్త్రము నభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్టణము చేరెను. 1781లో సామర్లకోటకు వచ్చి, పండ్రెండేండ్లు ఆ ప్రాంతముననే గడపెను. రోగులను చూచుట ఆయనకు వృత్తి, మొక్కలను చూచుట వ్యసనము. అచ్చట తోట వేయించి మిరియము, కాఫీ, నీలి మొదలగువానిని పెంచెను. 1787 నాటి ఉప్పెనలో ఆయన సేకరణలు నాశనమయ్యెను. ఉప్పెన యనగా నేమో దివిసీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఆయన వెనుదీయక మరల పని నారంభించెను.

దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, వానిని విలాయతికి పంపెను. వానినుండి యేరిన 300 చిత్రములతో కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన గ్రంథము 1795 మొదలు 1820 వరకు లండనులో వెలువడెను. ఆకు ఈనెలను సైతము తప్పక దించిన ఆ తెలుగుసీమ చిత్రకారుల పేర్లు మాత్రము అందు కానరావు. ఇది విచారింపదగిన విషయము.

ఆ గ్రంథమున వర్ణింపబడినవానిలో చిరివేరు ఒకటి. మచిలీపట్నపు అద్దకములకు ఎరుపు నిచ్చినది ఈ వేరే. ఇసుకనేలలో తానుగా పెరిగిన దాని వేరు పొట్టిది. సాగుచేసినదాని వేరు పొడుగైనది. అయినను రంగు హెచ్చుగా నుండునది పొట్టివేరుననే యని పేరు. ఇందు నేల చేసిన పనియెంత, విత్తనములో నున్న గుణమెంత యని తేల్చు ఉపాయము ఆ కాలమున నెవ్వరికిని లేదు.

వరి విషయమున ఆయన రైతుల మాటనే ఆధారముగా గైకొనెను. వారు వడ్లను పునాసలనియు, పెద్ద వడ్లనియు రెండు తెగలుగా విభజించుట గమనించి వ్రాసికొనెను. సర్కారు జిల్లాలలోని సరస్సుల చుట్టును నివ్వరి విస్తారముగా నుండుట చూచెను. దాని బియ్యము ధనికులకు మిక్కిలి ప్రియమనియు, దిగుబడి తక్కువ యగుటచే దాని నెవ్వరును విత్తరనియు తెలిపెను. సాగువడ్లకెల్ల మూలమిదియే యని ఆయన నిశ్చయము.

ఈ నివ్వరి స్వభావము తరువాతి శాస్త్రజ్ఞుల వలన తేటపడినది. మడుగు వేసవికి ఎండిపోవును. ఎండకమునుపే గింజకట్టి రాల్చిన మొక్క సంతానమే మరుసటి వానకు మొలచును. ఆలసించినదాని వంశము అంతరించును. లోతునీట ఏండ్లతరబడి దుబ్బుగా బ్రదుకు మరియొక అడవివరికి ఈ తొందర లేదు. నివ్వరి చాలవరకు తన పుప్పొడితో తానే గింజకట్టును. కావున ఒక మడుగులోని మొక్కలు ఒకదానినొకటి పోలియున్నను, మడుగు మడుగునకు గుణములు మారుచుండును. ప్రక్కపొలపు వరితో అప్పుడప్పుడు సంకరమగుటచే మరికొన్ని భేదములు పుట్టును. ఒక మడుగు పూడిపోయినచో మరియెక్కడను లేని గుణమొకటి దానితోపాటే పోవచ్చును.

1791–92 నాటి ఘోరక్షామమున జనుల యాకలిని రాక్స్‌బర్గు కన్నులార గాంచెను. వానలు తప్పినప్పుడు ఆదుకొనుటకై కొబ్బరి, తాడి, అరటి, పనస వంటివానిని విరివిగా నాటింపుడని పై యధికారులకు విన్నవించెను. కంపెనీ కొలువు లాభాపేక్షతో కూడినదే యైనను, ఈ విన్నపమున వైద్యుని హృదయము కనబడుచున్నది.

1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై, 1813 వరకు దానిని పెంపొందించి, ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలెను. 1815లో ఎడింబరోలో మరణించెను. ఆయన వ్రాసిన భారతదేశ వృక్షగ్రంథము, విలియం కేరీ పూనికచే, 1832లోగాని సంపూర్ణముగ అచ్చుపడలేదు.

1965లో శర్మ, శాస్త్రి యను భారతీయ శాస్త్రజ్ఞు లిరువురు ఈ అడవివరిని ప్రత్యేకజాతిగా నిర్ణయించి, దాని పాతపేరునే నిలిపి ఒరైజా నివారా యని నామకరణము చేసిరి. అటుపిమ్మట ఆసియా దేశములలో వరిని గిడసబార్చు ఒక వైరసు తెగులు వ్యాపించెను. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాలయమువారు ఆరువేలకు పైబడిన విత్తన రకములను పరీక్షింపగా, ఆ తెగులును గట్టిగా తట్టుకొనునది ఉత్తరప్రదేశము నుండి సేకరించిన నివ్వరి యొక్కటే దొరికెను. దానిని సాగువరితో సంకరము చేసి ఆ గుణమును కొత్త వంగడములలోనికి దించిరి. 1976లో విడుదలయై అనేక దేశముల పొలములలో పండిన ఐ.ఆర్. 36 వాటిలో నొకటి.