చక్రవర్తిని శాసించిన మధుపాత్ర

రాజ్యములను ఏలినవారెల్లరు తమ్ము తాము ఏలుకొనగలిగిరని చెప్పరాదు. మొగలు చక్రవర్తి జహంగీరు జీవితమే ఇందుకు తార్కాణము. 1569లో సిక్రీలో, పెక్కు మ్రొక్కుల ఫలముగా అక్బరునకు జన్మించిన సలీమే తరువాత జహంగీరు అయ్యెను. చిత్రకళయందును, పశుపక్షుల పరిశీలనమందును అతని దృష్టి మిక్కిలి నిశితము. పారసీక భాషలో తన చరిత్రను తానే వ్రాసికొని, అందు తన వ్యసనమును దాచక చెప్పినాడు.

శైశవమున దగ్గునకు పన్నీరుతో కలిపి యిచ్చిన మందు తప్ప, 18వ యేటివరకు అతడు మద్యమెరుగడు. అక్బరు సైన్యము సింధునదీతీరమున అట్టకు దుర్గము చెంత విడిసియుండగా, ఒకనాడు సలీము వేటాడి అలసెను. ఒక పాత్ర త్రావిన బడలిక తీరునని సేవకుడొకడు చెప్పెను. వైద్యుని యింటినుండి వచ్చినది ఒకటిన్నర పాత్ర మాత్రమే. పసుపు వన్నె, తియ్యని రుచి. ఆ రుచి మనసునకు పట్టెను.

కొంతకాలమునకు ద్రాక్షాసవము చాలదయ్యెను; సారా వచ్చెను. తొమ్మిదేండ్లలో, రెండుమారులు కాచిన సారా దినమునకు 20 పాత్రలయ్యెను. పగలు 14, తక్కినవి రాత్రి. ఆహారము సన్నగిల్లెను. చేతులు వణకి, పాత్రను ఇతరులు నోటికందింపవలసి వచ్చెను. మరి ఆరునెలలు ఇట్లే సాగినచో చికిత్స లేదని హకీము హుమాము నిర్భయముగా చెప్పెను. ఆ మాట విని సలీము ఏడేండ్లలో ఆరు పాత్రలకు తగ్గించెను. కాని ఆ వెలితిని పూరించుటకు నల్లమందు చేరెను.

తమ్ముల గతియు అతడెరుగనిది కాదు. మురాదు 1599లో దక్కనులో త్రాగుడుచేతనే మరణించెను. దానియాలు బుర్హానుపురములో క్షీణించుచుండగా, అక్బరు ఆజ్ఞచే మద్యము చేరకుండ కావలి పెట్టిరి. అతడు తుపాకి సేవకుని బతిమాలి, గొట్టములో సారా నింపి తెప్పించుకొనెను. త్రుప్పును మందుగుండు మసియు కలిసిన ఆ సారాయే అతని ప్రాణము తీసెను. ప్రియమైన ఆ తుపాకికి పాడెతో సమానమని అర్థమిచ్చు పేరును అతడే పెట్టియుండెను!

1605లో సింహాసనమెక్కిన జహంగీరు, మత్తు పదార్థముల తయారీని, విక్రయమును నిషేధించెను. శాసనము ప్రజలకు, పాత్ర ప్రభువునకు. 1616లో, 24 ఏండ్లు నిండువరకు మద్యము ముట్టని కుమారుడు ఖుర్రముచే పండుగనాడు తానే పట్టుబట్టి త్రాగించెను. 1618లో నల్లమందు, మద్యములచే శల్యావశిష్టుడైన ఇనాయతుఖానును చూచి నిర్ఘాంతపోయి, చిత్రకారులచే ఆ రూపమును వ్రాయించెను. ఇనాయతుఖాను మరునాడే మరణించెను. చిత్రము నేటికిని నిలిచియున్నది. చూచిన కన్నులు మాత్రము పాఠము నేర్వలేదు.

1611లో పరిణయమాడిన నూర్జహాను అతని పానమును కొంత తగ్గింపగలిగెను. క్రమముగా రాజ్యభారమును ఆమెయే వహించెను. 1622లో కాందహారు పారసీకుల వశమయ్యెను, ఖుర్రము తిరుగబడెను. ఉబ్బసముచే కృశించిన చక్రవర్తికి తుదకు నలువదేండ్ల చెలికాడైన నల్లమందుపైనను రోత పుట్టెను. 1627లో కాశ్మీరమునుండి మరలివచ్చు త్రోవలో మధుపాత్ర తెమ్మనెను. పెదవులకు ఆనించిరి, మ్రింగుడు పడలేదు. మరునాటి యుదయమున అతడు కన్నుమూసెను.

వైద్యుని హెచ్చరికయు, తమ్ముల మరణమును, తన శాసనమును అతనికి తెలియనివి కావు. తొలిపాత్రను కాదనుటకు అతనికి స్వేచ్ఛ యుండెను. తుదిపాత్రను కాదనుటకు లేకపోయెను.