మూడు కళాశాలల చరిత్రలో మన తెలుగు డాక్టరమ్మ
వేలూరును నడిపిన విశాఖ బిడ్డ హిల్డా లాజరస్

బెల్లంకొండ: మన ప్రాంతంలో ఏ ఊరిలోనైనా జబ్బు ముదిరి గుంటూరులో నయం కాకపోతే పెద్దలు చెప్పే మాట ఒకటి ఉన్నది. రాయవేలూరు తీసుకుపొమ్మంటారు. బెల్లంకొండ, సత్తెనపల్లి, పిడుగురాళ్ల వైపు నుంచి మూట ముల్లె సర్దుకుని కాట్పాడి స్టేషనులో దిగే రోగులకు లెక్కలేదు. అక్కడ వైద్యం బాగుంటుందని అందరికీ తెలుసు. ఆ ఆస్పత్రితోపాటు ఒక వైద్య కళాశాల కూడా ఉన్నదనీ, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో దాని పగ్గాలు పట్టిన మొదటి భారతీయురాలు మన తెలుగు గడ్డమీద, విశాఖపట్నంలో పుట్టిన ఆడపడుచు అనీ తెలిసినవారు కొద్దిమందే. ఆమె పేరు డాక్టర్ హిల్డా మేరీ లాజరస్.

1890 జనవరి 23న విశాఖపట్నంలో ఆమె జన్మించారు. తాత ముత్తాతలు బ్రాహ్మణ కుటుంబీకులు. తరువాత క్రైస్తవ మతం స్వీకరించారు. తండ్రి డేనియల్ లాజరస్ గారు పేరున్న విద్యావేత్త. పిల్లల చదువు విషయంలో ఆడ, మగ అన్న తేడా ఆ ఇంట్లో పాటించలేదు. అక్షరం ముక్క వస్తే చాలు ఆడపిల్ల చదువు పూర్తయిందనుకునే కాలమది. అటువంటి రోజుల్లో హిల్డా గారు డిగ్రీ చదువు ముగించుకుని, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అప్పటికి తెలుగు జిల్లాల్లో వైద్య కళాశాల అన్నదే లేదు. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లో గాని రాలేదు. గుంటూరుకు 1946లో వచ్చింది. కనుక డాక్టరు కావాలనుకున్న తెలుగువారికి మద్రాసే గతి.

మద్రాసులో ఆమె ప్రసూతి శాస్త్రంలో బంగారు పతకం సాధించారు. పై చదువులకు లండన్, డబ్లిన్ నగరాలకు వెళ్ళారు. తిరిగి వచ్చాక 1917లో మహిళా వైద్య సర్వీసులో ఉద్యోగం దొరికింది. ఆ సర్వీసు 1914లో ఏర్పడింది. అందులో చేరిన మొదటి భారత మహిళ ఆమెయే కావడం విశేషం.

పరదా చాటున ప్రాణాలు

ఆడవారికి వేరే వైద్య సర్వీసు ఎందుకని నేటి యువతరం అడగవచ్చు. ఘోషా పాటించే ఇళ్ళలో స్త్రీ చావు బ్రతుకుల్లో ఉన్నా పురుష డాక్టరును గడప దాటి రానిచ్చేవారు కాదు. కాన్పు కష్టమైతే మంత్రసాని చేతిలో ప్రాణం పోవలసిందే. వేలూరు కళాశాల పుట్టుకకు కూడా ఇదే కారణం. అమెరికా మిషనరీ కుటుంబంలో 1870లో పుట్టిన ఐడా స్కడర్ తన యౌవనంలో తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు ఈ కట్టుబాటు మూలంగా చనిపోయారు. డాక్టరయిన ఆమె తండ్రి ఆ ఇళ్ళకు రావడానికి ఆ భర్తలు ఒప్పుకోలేదు. దానితో ఐడా గారు అమెరికా వెళ్ళి వైద్యం చదివి, 1900లో తిరిగి వచ్చారు. 1902లో వేలూరులో 40 పడకల ఆస్పత్రి తెరిచారు. 1909లో నర్సుల శిక్షణ, 1918 ఆగస్టులో ఆడపిల్లలకు వైద్య పాఠశాల ప్రారంభించారు. మొదటి జట్టులో 14 మంది 1922లో డాక్టర్లుగా బయటికి వచ్చారు.

హిల్డా గారు ప్రభుత్వ సర్వీసులో దేశంలోని పలు ఆస్పత్రులలో పనిచేశారు. మద్రాసులో విక్టోరియా గోషా ఆస్పత్రికి సూపరింటెండెంటుగా ఉన్నారు. ఎక్కడ పని చేస్తే అక్కడి భాష నేర్చుకోవడం ఆమె అలవాటు. నర్సులకు, మంత్రసానులకు ఇంగ్లీషులో పాఠం చెబితే బుర్రకెక్కదని ఆమె గ్రహించారు. వారి భాషలోనే నేర్పాలని పట్టుపట్టారు. రోగి బాధ చెప్పుకునే భాష డాక్టరుకు రాకపోతే సగం వైద్యం అక్కడే పోతుందన్న సంగతి మన పల్లెల వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఢిల్లీలో ప్రిన్సిపాలుగా

1940లో ఆమె ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. 1916లో ప్రారంభమైన ఆ కళాశాల పూర్తిగా ఆడపిల్లల కోసం పెట్టినది. అక్కడ ఆమె ప్రసూతి శాస్త్ర ఆచార్యులుగా కూడా ఉన్నారు. తరువాత మహిళా వైద్య సర్వీసు మొత్తానికి ప్రధాన వైద్యాధికారిగా నియమితులైనారు. ఒకవైపు ప్రపంచ యుద్ధం, మరోవైపు దేశంలో స్వాతంత్ర్యోద్యమం. విదేశీ వైద్యులు వెళ్ళిపోయే కాలం దగ్గర పడింది. వారి స్థానంలో మనవారిని నిలబెట్టవలసిన భారం ఇటువంటివారి భుజాల మీద పడింది.

మామూలు కళాశాలకు, వైద్య కళాశాలకు చాలా భేదం ఉన్నది. మామూలు కళాశాలకు నాలుగు గదులు, నలుగురు మేష్టర్లు ఉంటే పాఠం సాగిపోతుంది. వైద్య కళాశాలకు పక్కనే ఆస్పత్రి ఉండాలి. ఆ ఆస్పత్రికి రోగులు రావాలి. రోగి మంచం పక్కన నిలబడి నేర్పే ఆచార్యులు ఉండాలి. ఆ ఆచార్యులకు విశ్వవిద్యాలయం కోరే పెద్ద డిగ్రీలుండాలి. ప్రయోగశాలలు, శవపరీక్ష గది, హాస్టలు, నర్సులు అన్నీ ఒకేసారి సమకూరాలి. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా గుర్తింపు రాదు. గుర్తింపు రాకపోతే చదివిన పిల్లలు డాక్టర్లు కారు.

వేలూరుకు వచ్చిన గండం

సరిగ్గా ఈ గండమే వేలూరుకు వచ్చింది. అప్పటిదాకా అక్కడ చెప్పేది ఎల్.ఎం.పి. చదువు. 1938 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఎల్.ఎం.పి. చదువు ఎత్తివేసి, డాక్టరు కావాలంటే ఎం.బి.బి.ఎస్. ఉండి తీరాలని నిర్ణయించింది. ప్రభుత్వ నిర్ణయంలో తప్పులేదు. అందరికీ ఒకే స్థాయి చదువు ఉండాలన్నదే దాని ఉద్దేశం. కాని ఎం.బి.బి.ఎస్. చెప్పాలంటే పడకలు పెంచాలి, పెద్ద డిగ్రీలున్న ఆచార్యులను తేవాలి. చందాల మీద నడిచే ఆ సంస్థకు అది తలకు మించిన భారం. ఇరవై ఏళ్ళ శ్రమ నీటిపాలయ్యేటట్లు కనిపించింది. డెబ్బై ఏళ్ళ వయసులో ఐడా గారు నిధుల కోసం అమెరికా వెళ్ళి ఊరూరూ తిరిగారు.

ఇంతలో మరో వివాదం తలెత్తింది. క్రైస్తవ మిషన్లు అన్నీ కలిసి దేశంలో ఒక పెద్ద వైద్య కళాశాలను నిలబెట్టదలిచాయి. అది వేలూరే కావచ్చును. అయితే మగపిల్లలను కూడా చేర్చుకోవాలి. ఆడవారి కళాశాల కోసమని చందాలు పోగుచేసిన అమెరికా మహిళలు కొందరు దీనిని వ్యతిరేకించారు. మొదటినుంచీ ఐడా గారికి కుడిభుజంగా ఉన్న లూసీ పీబాడీ వారిలో ముఖ్యులు. వారి వాదన తోసివేయదగినది కాదు. ఆడపిల్లల పేరు చెప్పి తెచ్చిన డబ్బు మరొక పనికి వాడవచ్చునా అన్నది న్యాయమైన ప్రశ్న. కాని ఒప్పుకోకపోతే కళాశాలే మూతపడేటట్లున్నది. చివరకు ఐడా గారు కలసి చదివే పద్ధతికే మొగ్గారు. పాత స్నేహం చెడినా కళాశాల నిలిచింది. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువు మొదలైంది. 1944లో కుష్ఠు వైద్య నిపుణులు డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ వచ్చి బాధ్యత తీసుకున్నారు. 1947లో మొదటిసారిగా మగపిల్లలు చేరారు.

పగ్గాలు చేపట్టిన తెలుగు వనిత

అదే 1947లో హిల్డా గారు ప్రభుత్వ సర్వీసు నుంచి విరమించారు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆమె వేలూరు వచ్చి, ప్రిన్సిపాలు బాధ్యత, ఆపైన డైరెక్టరు పదవి చేపట్టి 1954 దాకా కొనసాగారు. ఆ సంస్థకు అధిపతి అయిన తొలి భారతీయురాలు ఆమెయే. దేశం స్వతంత్రమైన వేళ, పలు దేశాల మిషన్ల ప్రతినిధులు పాలకమండలిలో కూర్చునే సంస్థను మనదేశపు స్త్రీ నడపడం చిన్న సంగతి కాదు. విశ్వవిద్యాలయం నిబంధనలు ఒకవైపు, మిషన్ల ఆశయాలు మరొకవైపు, ప్రభుత్వం ఇంకొకవైపు. మూడింటికీ సమాధానం చెప్పాలి. ఢిల్లీలో ప్రభుత్వ కళాశాల నడిపిన అనుభవం ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఆమె ఉన్న రోజుల్లోనే, 1950లో, కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయం శాశ్వత గుర్తింపు లభించింది. కుష్ఠు రోగంతో వంకరలు తిరిగిన చేతులకు డాక్టర్ పాల్ బ్రాండ్ 1948లో ఆపరేషన్లు చేసి తిరిగి పనికి వచ్చేటట్లు చేయడం మొదలుపెట్టారు. 1949లో డాక్టర్ జాకబ్ చాందీ మెదడు, నరాల వైద్య విభాగాన్ని నెలకొల్పారు. అటువంటి విభాగం దేశంలో అదే మొదటిది. ఈ ఘనత ఆ నిపుణులదే, సందేహం లేదు. అయితే నిపుణులు వచ్చి నిలిచి పనిచేసే వాతావరణం కల్పించడం సంస్థను నడిపేవారి పని.

వేలూరులో చదువుకు పంపిన సంఘాల ఆస్పత్రులలో, చదువు ముగిసిన తరువాత, కొంతకాలం సేవ చేయవలసిన కట్టుబాటు ఉన్నది. పట్నాలలో ప్రాక్టీసు పెట్టుకోక ముందు మారుమూల రోగిని చూడాలన్నమాట. డాక్టరు చదువును సొంత ఆస్తిగా గాక ప్రజలకు తీర్చవలసిన బాకీగా చూసిన పద్ధతి ఇది.

వేలూరు విడిచిన తరువాత హిల్డా గారు సొంత ఊరు విశాఖపట్నం చేరుకున్నారు. బ్రిటిష్ హయాములో కైజర్-ఇ-హింద్ పతకం పొందిన ఆమెను స్వతంత్ర భారత ప్రభుత్వం 1961లో పద్మశ్రీతో గౌరవించింది. 1978లో ఆమె కన్నుమూశారు. మద్రాసులో చదివి, ఢిల్లీలో, వేలూరులో ప్రిన్సిపాలు పదవి నిర్వహించి, మూడు పెద్ద వైద్య కళాశాలల చరిత్రలో తన పేరు నిలుపుకున్నారు.

మన పల్నాటికి నేర్పే పాఠం

ఈ కథ ఇప్పుడు చెప్పుకోవడానికి కారణం లేకపోలేదు. పిడుగురాళ్లలో ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021 మే నెలలో శంకుస్థాపన జరిగింది. 2022లో పల్నాడు వేరే జిల్లా అయిన తరువాత కళాశాల మీద ప్రజల ఆశ మరీ పెరిగింది. దానిని ఎవరు కట్టాలి, ఎవరు నడపాలి అన్న మాటలు రచ్చబండల దగ్గర కూడా వినిపిస్తాయి. గోడలు లేపడం ఒక ఎత్తు. పడకలు నిండా రోగులు, రోగుల పక్కన ఆచార్యులు, వారి వెంట శ్రద్ధగల విద్యార్థులు ఉండేటట్లు ఏళ్ళ తరబడి నడపడం మరొక ఎత్తు. వేలూరును నిలబెట్టినవి రాళ్ళూ సున్నమూ కావు. గుర్తింపు పోయే గడియలో చేతులెత్తేయని ఐడా గారి వంటివారు, విరమణ తరువాత కూడా పగ్గాలు పట్టిన హిల్డా గారి వంటివారు దానిని నిలబెట్టారు. పొలాల్లో తేలుకాటు, పాముకాటు తగిలినా, అర్ధరాత్రి కాన్పు కష్టమైనా గుంటూరు దారి పట్టవలసిన మన పల్లెలకు కావలసింది అటువంటి నడిపించేవారే. మన బిడ్డలలో నుంచి అటువంటివారు రావాలని కోరుకుందాం.