సముద్రం దాటి, చూసింది రాసిన జానకమ్మ

చిమిండైంగ్ (యాంగోన్): ఇక్కడి నది ఒడ్డున నిలబడితే మన పాతతరం గుర్తుకొస్తుంది. కోరంగి, విశాఖ వైపు నుంచి ఓడలెక్కి రంగూన్ వచ్చి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగువాళ్లు ఎందరో! ఏం చూశారో, ఎన్ని కష్టాలు పడ్డారో రాసిపెట్టినవాళ్లు మాత్రం తక్కువ. చాలామందికి అక్షరం ముక్కే రాదాయె.

ఆ రోజుల్లోనే మరోవైపు ఓడెక్కిన తెలుగావిడ పోతం జానకమ్మ రాఘవయ్య. 1873లో మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్లారు. సముద్రం దాటితే కులం పోతుందని భయపెట్టే కాలమది. ఆడవాళ్లు గడప దాటడమే గొప్ప. అయినా ఆమె వెనకాడలేదు.

వెళ్లి ఊరికే చూసి రాలేదు. అక్కడి ఊళ్లు, మనుషుల తీరు, ఆడవాళ్ల బతుకు గమనించి తెలుగులో రాశారు. తర్వాత దాన్ని ఇంగ్లిషులోకి మార్చారు. ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ పేరుతో 1876లో మద్రాసులో పుస్తకంగా వచ్చింది. తెల్లదొరలు మన దేశం గురించి రాయడం మామూలే. వాళ్ల దేశాన్ని మన ఆడపడుచు చూసి రాయడం విశేషం.

జానకమ్మకు చదువుంది కాబట్టి ఆమె ప్రయాణం మిగిలింది. రంగూన్ కూలీలది వాళ్లతోనే పోయింది. ఈనాడు పరాయి దేశంలో ఉన్న మనకు ఆ లోటు లేదు. డ్యూటీ దిగాక రోజుకు నాలుగు ముక్కలు రాసుకున్నా చాలు, మన కష్టం రేపు పిల్లలకు తెలుస్తుంది.